ఎరుపు పద్నాలుగు, నలుపు పద్నాలుగు

పోయినవారం నన్ను నేనే ఒక తలుపు ముందు నిలబెట్టి, గంట మీద వేలు పెట్టించి వెళ్ళిపోయాను. ఆ వేలు ఇంకా అక్కడే ఉంది. నొక్కబోయే ముందు, మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

మా మేనత్త జెలిందాది మెర్లో మెట్లదారిలో ఫరినాత కొట్టు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి కాల్చే పల్చటి రొట్టె అది. బండి చక్రమంత రాగి పళ్ళెం, కట్టెల పొయ్యి. తాతగారు పోయాక ఈ ఇరవై ఏళ్ళలో అత్త ఆ పొయ్యిని ఒక్కపూట కూడా చల్లారనివ్వలేదు. కానీ పాత జెనోవా సందుల్లో జనం నడవడం మానేశారు. కొట్టులో బల్లలు దుమ్ము పట్టిపోతున్నాయి. "సాన్ జొవాన్నీ పండగలోపు ఒక్కరోజైనా బల్ల నిండకపోతే, నా చేత్తోనే ఈ నిప్పు ఆర్పేస్తాను" అని అత్త ఒట్టు పెట్టుకుంది. మా అత్త ఒట్టు పెడితే అంతే, దానికి వెనక్కి తిరగడం తెలీదు. పండగ ఇంక మూడు రోజులుంది.

అందుకని నేను ఒక కాగితం రాశాను. 'మీ కాళ్ళే మీ గైడు' అని దాని పేరు. రేవు దగ్గర మొదలుపెట్టి, పన్నెండు మజిలీలు, ఎవరికి వాళ్ళు కాగితం చూసుకుంటూ నడవడమే. పన్నెండో మజిలీ మా అత్త కొట్టు. అక్కడ ఇలా రాశాను: 'మెర్లో మెట్లదారి, 14. మొహమాటపడకండి. తలుపు దగ్గర నిలబడి ఆకలిగా ఉందని చెప్పండి. కూర్చోమనకపోయినా కూర్చోండి.' మా అత్త ఎవరినీ కూర్చోమని అనదు, అందుకని ఆ ఆఖరి ముక్క.

మా ఊళ్ళో ఇళ్ళకు నల్ల నంబర్లు, కొట్లకు ఎర్ర నంబర్లు. రెండు వరసలూ వేరు. ఎర్ర పద్నాలుగు ఒకచోట, నల్ల పద్నాలుగు ఇంకోచోట. ఇది మాకు తల్లిపాలతో వచ్చిన తెలివి, కాబట్టి ఎవరికీ చెప్పం. నేను ఎర్ర కలంతో 14 అని రాసిచ్చాను. అచ్చాఫీసు తొమా మొత్తం నల్ల సిరాతో కొట్టేశాడు. నేను మూడుసార్లు దిద్ది చూశాను. మూడుసార్లూ నా కళ్ళకు ఎర్రగానే కనిపించింది. మా ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

నల్ల పద్నాలుగు మా కొట్టుకు నలభై మెట్లు పైన ఉంది. అందులో ఒత్తావియో గారుంటారు. ఓడల్లో వంటవాడిగా పనిచేసి వచ్చిన మనిషి. ఎంగిలిచేత్తో కాకిని తోలడని పేరు. మా అత్తతో ముప్పై ఒక్కేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో ఎవరికీ తెలీదు. పొద్దుటినుంచి అత్తా నేనూ కొట్టు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాం. కాగితం పట్టుకుని పంతొమ్మిది మంది ఆ తలుపులోకి వెళ్ళారు. ఒక్కరూ బయటికి రాలేదు.

సరే, ఇప్పుడు గంట నొక్కాను.

నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. "ఆకలిగా ఉందా?" అని కేకేసింది.

"లేదండీ, నేను నివెస్‌ని. జెలిందా మేనకోడల్ని."

కిటికీ కాసేపు ఆలోచించింది. తరవాత తలుపు గొళ్ళెం టక్కుమంది.

నాలుగు అంతస్తులూ రొప్పుతూ ఎక్కాను. సగం ఎక్కడం వల్ల, సగం భయం వల్ల. వారం రోజులుగా పరాయివాళ్ళు ఇంటి మీద పడుతుంటే ఈయన మునిసిపాలిటీకి రాసి పడేస్తాడని, నా కాగితం చెత్తబుట్టలోకి పోతుందని నేను సిద్ధపడే ఉన్నాను. క్షమాపణ కూడా కంఠతా పట్టాను. తలుపు తెరుచుకోగానే అది కాస్తా మర్చిపోయాను. ఎందుకంటే ఒత్తావియో గారు నడుముకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు, గడ్డం మీద శనగపిండి ఉంది, వెనక గదిలో నవ్వులు వినిపిస్తున్నాయి.

"చెప్పులు విడవక్కర్లేదు, రా," అన్నారు. "నువ్వేనా ఆ కాగితం రాసిన పిల్లవి? ఏడో మజిలీలో తప్పుంది. అక్కడ ఎడమకి తిరగాలి, కుడికి కాదు. నా చుట్టాలందరూ అక్కడే తప్పిపోతున్నారు."

"మీ చుట్టాలా?"

"మరి వీళ్ళంతా ఎవరు?"

బల్ల చుట్టూ ఆరుగురున్నారు. తోరీనో నుంచి వచ్చిన ముగ్గురు పంతులమ్మలు, ఒక డచ్చి మొగుడూ పెళ్ళాం, ఎండకు ముక్కు ఎర్రబడ్డ ఇంకో పెద్దాయన. మధ్యలో చిన్న రాగి పళ్ళెం, అందులో ఫరినాత. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పైన మిరియాలు.

"సోమవారం పొద్దున్న ఎవరో గంట కొట్టారు," అన్నారు ఒత్తావియో గారు, ఇంకో ముక్క కోస్తూ. "తలుపు తీస్తే ఒక ముసలావిడ నుంచుంది. 'ఆకలిగా ఉంది' అంది. పదేళ్ళుగా నా తలుపు కరెంటువాడు తప్ప ఎవరూ కొట్టలేదు పిల్లా. కూర్చోమనకుండానే వచ్చి కూర్చుంది. ఏం చెయ్యను? వండాను. మధ్యాహ్నం నలుగురు. మంగళవారం పదకొండు మంది. నేను కొత్త కుర్చీలు కొన్నాను, తెలుసా?"

ఆ మాట అంటుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. క్షమాపణ చెప్పడానికి వచ్చినదాన్ని, ఫరినాత ముక్క నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

"మరి వచ్చినవాళ్ళు ఎటు పోతున్నారండీ? అత్త పొద్దుటినుంచి చూస్తోంది, ఒక్కరూ బయటికి రాలేదు. మీరేదో చేసేశారని వీధంతా అనుకుంటోంది."

డచ్చి దంపతులు అప్పుడే లేచారు. ఒత్తావియో గారు వాళ్ళను చెయ్యిపట్టి లోపలి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. "కిందికి దిగకండి, మోకాళ్ళు పోతాయి. ఇంకొక్క అంతస్తు పైకెక్కండి, తలుపు తీస్తే పైరోడ్డు, బస్సు కూడా దొరుకుతుంది."

నేను నెత్తి కొట్టుకున్నాను. కొండకు ఆనించి కట్టిన ఇళ్ళు మావి. కిందినుంచి చూస్తే అయిదు అంతస్తులు, పైనుంచి చూస్తే నేలమీద ఇల్లు. అందరూ మా కొట్టు దాటుకుని ఈయన ఇంటికొచ్చి, కడుపు నింపుకుని, పైనుంచి మాయమైపోతున్నారు.

"అయ్యో, తప్పంతా నాదేనండీ," అన్నాను. "వాళ్ళు రావలసింది అత్త కొట్టుకి. నేను పద్నాలుగు అని రాశాను కానీ, ఎరుపు అని మాటల్లో రాయడం మర్చిపోయాను. అందుకే మీ ఇంటికొచ్చారు."

ఒత్తావియో గారి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"ఎరుపు అని రాయకపోతే నల్ల పద్నాలుగుకే కదండీ చేరేది."

ఆయన కత్తి కింద పెట్టారు. చేతులు తుడుచుకున్నారు. గోడపక్కన సొరుగు లాగి, కాగితాల అడుగునుంచి ఒక కవరు తీశారు. పాతబడి అంచులు పసుపెక్కింది. మీద మోంతెవీదెయో రేవు స్టాంపు. అంటించింది అంటించినట్టే ఉంది, ఎవరూ విప్పలేదు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, చిరునామా ఒక్కొక్క అక్షరం చదివారు. తరవాత కొత్త కుర్చీలో కూలబడ్డారు.

నేను వంగి చూశాను. 'జెలిందా గారికి, మెర్లో మెట్లదారి, 14, జెనోవా.' అంతే. ఎరుపు లేదు. అంటే అది నేరుగా ఈ ఇంటికే వచ్చిందన్నమాట.

"ఓడలోంచి రాశాను," అన్నారు. "నాలుగు నెలల తరవాత ఇంటికొస్తే మా అమ్మ చేతికిచ్చింది, నీ ఉత్తరం వెనక్కి వచ్చిందిరా అని. జెలిందా విప్పకుండా తిప్పి కొట్టింది కాబోలు అనుకున్నాను. ముప్పై ఒక్కేళ్ళు పిల్లా. ముప్పై ఒక్కేళ్ళు అదే అనుకున్నాను."

పంతులమ్మలు తినడం ఆపేశారు. ఒకామె అప్పుడే ముక్కు చీదుకుంటోంది.

"మరి అప్పుడే కిందికెళ్ళి ఒక్క మాట అడగవలసిందండీ!"

"అడిగితే మొహం మీదే కాదంటే? మానిమాన్."

మానిమాన్ అనే మాట మా ఊరికి సొంతం. ఏమో, ఎందుకైనా మంచిది, అని దాని అర్థం. ఎండ మండుతుంటే గొడుగు పట్టుకెళ్ళేవాడు మానిమాన్ అంటాడు. కొత్త కోటు కొనుక్కుని పదేళ్ళు బీరువాలో దాచేవాడు మానిమాన్ అంటాడు. ఆ ఒక్క మాట వల్ల మా ఊళ్ళో ఎన్ని గొడుగులు మిగిలాయో, ఎన్ని పెళ్ళిళ్ళు ఆగిపోయాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

సరిగ్గా అప్పుడే కిందినుంచి మెట్ల మీద ధనధనా చప్పుడు, దాని వెనక ఆయాసం, ఆయాసం వెనక తిట్లు. తలుపు తోసుకుని అత్త వచ్చింది. చేతిలో పొయ్యిలో పళ్ళెం తిప్పే పొడుగు కర్ర ఉంది.

"ఓయ్ ఒత్తావియో! ఏరీ ఆ పంతొమ్మిది మంది? ఉడకబెట్టావా?"

ముప్పై ఒక్కేళ్ళ తరవాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. దేవుడి మీద ఒట్టు.

"పైనుంచి పంపించాను," అన్నారు ఆయన, లేచి నుంచుని.

"పైనుంచా? నా గిరాకీని నా కళ్ళముందే లాక్కుని, తినబెట్టి, పైనుంచి సాగనంపుతావా? సిగ్గులేదా నీకు? నా పొయ్యి మూడు రోజుల్లో ఆరిపోతోందయ్యా, తెలుసా?"

"తెలీదు. నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెబుతారు నీకు? మూతి ముడుచుకుని మేడెక్కి కూర్చుంటే?"

మాట్లాడుతూనే అత్త పళ్ళెంలోంచి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. అది ఆమెకు అలవాటు. ఎక్కడ ఫరినాత కనిపించినా రుచి చూసి తీసిపారెయ్యాలి. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"నురుగు మూడుసార్లు తీశావా?"

"మీ నాన్న అలాగే నేర్పారుగా."

"ఉప్పెక్కువైంది," అంది అత్త. కానీ ఇంకో ముక్క తీసుకుంది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. కవరు తీసి ఆమె చేతిలో పెట్టి, సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. అత్త చిరునామా చూసింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ చిరునామా చూసింది.  చివరికి, "ఎర్ర పద్నాలుగు అని ఏడవచ్చుగా?" అంది.

"ఓడలో ఎర్ర సిరా లేదు."

పంతులమ్మల్లో ఒకావిడ పకపకా నవ్వింది. దాంతో అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే కవరు విప్పకుండా ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"పొయ్యి వదిలేసి వచ్చాను. నువ్వూ రా. మీరందరూ కూడా రండి. ఉప్పు సరిగ్గా పడ్డ ఫరినాత ఎలా ఉంటుందో చూద్దురుగాని. కింది తలుపులోంచే!"

నాకు తెలిసి మెర్లో మెట్లదారి అలాంటి ఊరేగింపు చూసి ఉండదు. ముందు కర్ర పట్టుకుని అత్త, వెనక తువ్వాలు చుట్టుకున్న ఒత్తావియో గారు, పంతులమ్మలు, ముక్కు ఎర్రబడ్డ పెద్దాయన. దారిలో కాగితం పట్టుకుని పైకెక్కుతున్న వాళ్ళను ఒత్తావియో గారు ఒక్కొక్కరినే ఆపుతున్నారు. "పద్నాలుగుకేనా? ఆకలిగా ఉందా? అయితే నా వెనక రండి." కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. సణగడం తప్ప ఏమీ తెలియని మా వీధి ఆరోజు సణగడం మర్చిపోయింది.

కొట్టులో బల్లలు రెండూ నిండిపోయాయి. ఇద్దరు పిండి బస్తాల మీద కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి మొత్తం ఇరవై ముగ్గురిని లెక్కపెట్టాను. ఒట్టు గట్టెక్కింది, పొయ్యి బతికిపోయింది అనుకున్నాను. ఆ సంతోషంలోనే తొమా ఫోను చేశాడు.

"నివెస్, రెండో విడత అయిదు వేల కాగితాలు అచ్చుకి ఎక్కిస్తున్నాను. ఈసారి పద్నాలుగు ఎరుపా నలుపా? త్వరగా చెప్పు."

"నలుపే ఉంచు," అన్నాను. "కింద ఒక్క ముక్క కలుపు. 'కింది తలుపులోంచే వెళ్ళండి, కింది తలుపులోంచే బయటికి రండి. తరవాత నలభై మెట్లు దిగండి, మళ్ళీ ఆకలేస్తుంది.'"

"రెండుసార్లు తింటారా ఎవరైనా?"

"ఫరినాతయ్యా! ఎందుకు తినరు?"

తిరిగి చూస్తే, అత్త పొయ్యి పక్కన గోడకు ఆనుకుని ఉత్తరం విప్పి చదువుతోంది. నిప్పు వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది. ఒత్తావియో గారు పళ్ళెం కడిగిందే కడుగుతున్నారు.

"పైకి చదవండీ!" అంది ఒక పంతులమ్మ. ఆవిడకు పని లేదు, సిగ్గు అంతకన్నా లేదు. ఆవిడంటే నాకు ప్రాణం.

అత్త చదివింది. "'ఏప్రిల్‌లో దిగుతాను. ఓడ దిగిన రోజే మీ కొట్టు ముందునుంచి నడుస్తాను. నన్ను చేసుకోవడం నీకు ఇష్టమైతే గుమ్మం పక్కన బేసిల్ కుండీ పెట్టు. లేకపోతే తీసెయ్యి, నేను ఏమీ అనుకోను.'"

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మం పక్కన బేసిల్ కుండీ ఉంది.

"ఒరేయ్ పిచ్చివాడా," అంది అత్త. "జెనోవాలో బేసిల్ కుండీ లేని గుమ్మం ఎక్కడైనా ఉందిరా? అదేం గుర్తు? మా నాన్న కొట్టు తెరిచిన రోజునుంచీ అది అక్కడే ఉంది!"

"నేను చూడలేదు," అన్నారు ఒత్తావియో గారు. "ఓడ దిగిన రోజు ముందు పైరోడ్డు మీదుగా ఇంటికెళ్ళాను. ఉత్తరం వెనక్కి వచ్చిందనుకున్నాక, ఈ గుమ్మం దాటేటప్పుడు ఎప్పుడూ తల ఎత్తలేదు."

కొట్టంతా నవ్వుతోంది కానీ అత్త నవ్వడం ఆపేసింది. ఆయన వైపు తిరిగింది.

"నువ్వు అడిగావు, దారి తప్పింది. సరే. మరి నేను అడిగితే ఎందుకు పలకలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు?"

"ఉత్తరం రాశాను. నువ్వు ఓడ మీదున్నప్పుడే. మీ ఇంటికి పంపాను, మీ అమ్మ నీకు పంపే మూటలో వేస్తుందని."

"నలభై మెట్ల పైనున్న ఇంటికి పోస్టులో పంపావా?"

"చేతికిస్తే ఏముంది ఇందులో అని మీ అమ్మ అడిగితే? మానిమాన్!"

"నాకేం రాలేదు జెలిందా. ప్రమాణం చేసి చెబుతున్నాను." అప్పుడు ఆయన ఏదో తట్టినట్టు మెల్లిగా అడిగారు. "నంబరు ఏమని రాశావు?"

అత్త గాల్లో వేలితో ఆ చిరునామా గీసి చూసుకుంది.  చిన్నప్పటినుంచి వేలసార్లు రాసిన చిరునామా ఆమె చేతికి ఒక్కటే తెలుసు. ముప్పై ఒక్కేళ్ళ కిందటి తన చెయ్యి ఆమెకు ఇప్పుడు కనిపించినట్టుంది.

"పద్నాలుగు," అంది. "ఎరుపు."

అంటే ఆ ఉత్తరం ఈ కొట్టుకే వచ్చింది. వస్తే తాతగారి చేతిలోనే పడి ఉంటుంది.

"నాన్న ఏ కాగితమూ పారేసేవాడు కాదు," అంది అత్త, తనలో తాను అనుకున్నట్టు. "ఎందుకైనా మంచిదని అన్నీ ఆ డబ్బాలో వేసేవాడు."

ఆ డబ్బా సంగతి నాకు తెలుసు. పొయ్యి వెనక గోడలో ఒక గూడు ఉంది. నిప్పు ఉండగా మనిషి అటు వెళ్ళలేడు. తాతగారు ఏటా పండగ ముందు నిప్పంతా బయటికి లాగి, వీధిలో వేసే పండగ మంటకు ఇచ్చి, ఆ ఒక్కరోజూ గూడు సర్దుకునేవారు. ఆయన పోయాక అత్త ఆ పని మానేసింది, ఆర్పితే మళ్ళీ అంటుకోదేమోనని. ఇరవై ఏళ్ళుగా ఆ గూడులోకి ఎవరి చెయ్యీ పోలేదు.

"నివెస్, ఆ పార ఇటు తే."

 "అత్తా! బల్ల నిండింది కదే! నీ ఒట్టు తీరిపోయింది, ఇంక ఆర్పక్కర్లేదు!"

"బల్ల నిండకపోతే ఆర్పుతానన్నాను. నిండితే ఆర్పనని ఎక్కడన్నాను?"

"వద్దు జెలిందా," అన్నారు ఒత్తావియో గారు. "ఇన్నేళ్ళు ఆగింది. అందులో లేకపోతేనో? మానిమాన్..."

"ఆ మాట ఇంకొక్కసారి నీ నోట వచ్చిందంటే ఈ పారతోనే చెబుతాను నీ పని!"

మొదటి పార నిప్పులు ఇనప తొట్టిలో పడ్డాయి. రెండో పార తియ్యబోతుంటే ఒత్తావియో గారు వచ్చి, మాట్లాడకుండా ఆమె చేతిలోంచి పార తీసుకుని, తానే లాగడం మొదలుపెట్టారు. ఆఖరి నిప్పు తొట్టిలో పడేసరికి కొట్టు మసకగా అయిపోయింది. ఒక పంతులమ్మ ఫోను లైటు వేసి పొయ్యి పక్కనుంచి వెనక్కి చూపించింది.

గూడులో డబ్బా ఉంది. మసిపట్టి నల్లగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా. దాని ముందువైపు రేకు మీద మేకుతో గీకిన అక్షరాలున్నాయి. అది తాతగారి రాతే. వంకర టింకరగా, నాకు బాగా తెలుసు.

'జెలిందాకి. అడిగితే ఇవ్వాలి.'

అది చల్లారడానికి ఎంతలేదన్నా నాలుగు గంటలు పడుతుంది. ఎవరూ లేవలేదు. అత్త ఒక స్టూలు లాక్కుని, నిప్పులేని పొయ్యి ముందు కూర్చుంది. పక్కనే ఇంకో స్టూలును కాలితో ఒత్తావియో గారి వైపు తోసింది.

"అడుగుతున్నాను నాన్నా," అంది.